మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ నెలకి 4000: ఎవరికి వస్తుంది, ఎలా అప్లై చేయాలి, ఎక్కడ ఆగిపోతుంది

తండ్రి చనిపోయిన పిల్లలకి నెలకి నాలుగు వేలు ఇస్తారంట కదా, ఫారం ఎక్కడ దొరుకుతుంది, ఎవరికి ఇవ్వాలి, ఇచ్చి చాలా రోజులైంది ఇంకా ఏమీ తెలియలేదు ఏం చేయాలి... ఇవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. ఒక్కొక్కరికి విడిగా చెప్తుంటే ఏదో ఒకటి మర్చిపోతున్నా, అందుకే మొత్తం ఒకేచోట రాస్తున్నా. ఆంధ్ర, తెలంగాణ రెండింటికీ పనికొస్తుంది, తేడా ఉన్నచోట చెప్తాను.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ఈ డబ్బు పెన్షన్ కాదు, స్కాలర్‌షిప్ కూడా కాదు. ఇంట్లో గడవక పిల్లల్ని హోమ్‌లో వేయడమో, బడి మాన్పించి పనిలో పెట్టడమో, చిన్నవయసులో పెళ్ళి చేసేయడమో జరగకుండా, పిల్లలు సొంత ఇంట్లోనే అమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో పెరగాలని ఇచ్చేది. జువెనైల్ జస్టిస్ చట్టం 2015లో సెక్షన్ 45 కింద దీన్ని స్పాన్సర్‌షిప్ అన్నారు, పిల్లల్ని సంస్థల్లో పెట్టడం ఆఖరి మార్గంగానే ఉండాలని అదే చట్టం చెప్తుంది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, అప్లికేషన్ చూసే ఆఫీసర్లు వెతికేది కూడా ఇదే, ఈ సాయం లేకపోతే ఈ పిల్లాడు ఇంటికో బడికో దూరమవుతాడా అని. మీ పేపర్లు ఆ సంగతి చెప్పాలి.

స్కీమ్ కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖది, రాష్ట్రం కూడా వాటా పెడుతుంది. పాతవాళ్ళకి ఐసీపీఎస్ అంటే గుర్తొస్తుంది, అదే ఇప్పుడు మిషన్ వాత్సల్య. అప్పట్లో నెలకి 2000 ఉండేది, 2022 గైడ్‌లైన్స్‌తో 4000 అయింది. ఇది ఒక్కో పిల్లాడికి లెక్క, కుటుంబానికి కాదు.

ఎవరికి వస్తుంది

పిల్లల వయసు 18 లోపు ఉండాలి. దాంతోపాటు కింద వాటిలో ఏదో ఒకటి ఉండాలి:

- అమ్మ వితంతువు, లేదా విడాకులు తీసుకుంది, లేదా భర్త/కుటుంబం వదిలేసింది
- అమ్మానాన్న ఇద్దరూ లేరు, తాతయ్య నాయనమ్మ, మేనమామ, పెద్దమ్మ లాంటి బంధువుల దగ్గర ఉంటున్నారు
- తల్లికో తండ్రికో ప్రాణాంతకమైన జబ్బు ఉంది
- యాక్సిడెంట్ లాంటి కారణంతో తల్లిదండ్రులు పిల్లల్ని చూసుకోలేని స్థితిలో ఉన్నారు
- చట్టం ప్రకారం రక్షణ అవసరమైన పిల్లలు: బాల కార్మికులు, బాల్య వివాహం బారిన పడినవాళ్ళు, అక్రమ రవాణా నుంచి బయటపడ్డవాళ్ళు, హెచ్‌ఐవీ బాధితులు, వికలాంగ పిల్లలు, వీధుల్లో ఉంటున్నవాళ్ళు, ప్రకృతి వైపరీత్యాల్లో ఇల్లు పోయినవాళ్ళు

తండ్రి కోవిడ్‌తోనే పోయుండాలా అని చాలామంది అడుగుతున్నారు, అక్కర్లేదు. ఏ కారణంతో పోయినా సరే. కోవిడ్ షరతు ఉన్నది పీఎం కేర్స్ ఫర్ చిల్డ్రన్‌కి, అది వేరే స్కీమ్, అమ్మానాన్న ఇద్దర్నీ లేదా మిగిలిన ఆ ఒక్కర్నీ పోగొట్టుకున్న పిల్లలకి. రెండూ కలిపేసిన మెసేజ్‌లు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి, వాటిని నమ్మి తేదీలు చూసుకుని మాకు రాదులే అని వదిలేసినవాళ్ళు ఉన్నారు, అలా వదలకండి.

ఆదాయం: పల్లెల్లో ఏడాదికి 72,000 దాటకూడదు, పట్టణాల్లో 96,000 దాటకూడదు. అంటే నెలకి 6,000, 8,000.

ఏమేం రెడీ చేసుకోవాలి

పిల్లల బర్త్ సర్టిఫికెట్, పిల్లల ఆధార్, తల్లి లేదా గార్డియన్ ఆధార్, డెత్ సర్టిఫికెట్ (ఇద్దరూ లేకపోతే ఇద్దరివీ), ఆదాయం సర్టిఫికెట్, రేషన్ కార్డు, కుల ధ్రువీకరణ, స్కూల్ నుంచి స్టడీ సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, పాస్‌పోర్ట్ సైజ్ ఫొటోలు (పిల్లలది విడిగా ఒకటి, గార్డియన్‌తో కలిపి ఒకటి). జబ్బు ఉంటే మెడికల్ పేపర్లు, వైకల్యం ఉంటే సదరం సర్టిఫికెట్. అన్నీ మూడు సెట్లు జిరాక్స్ తీసి పెట్టుకోండి, ఒరిజినల్స్ ఎవరికీ వదిలి రావద్దు, చూపించి వెనక్కి తెచ్చుకోవాలి.

ఇద్దరు పిల్లలుంటే ఇద్దరికీ వేర్వేరు అప్లికేషన్, వేర్వేరు సెట్. ఒకే ఫారంలో ఇద్దరి పేర్లు రాసేస్తే రెండో పేరు ఎక్కడో మాయమైపోతుంది.

స్టెప్ 1. ఆదాయం సర్టిఫికెట్, ముందు దీని సంగతి చూడండి

ఎక్కువ అప్లికేషన్లు తన్నేసేది ఇక్కడే. రేషన్ కార్డు ఉంది కాబట్టి మేం పేదవాళ్ళమే కదా అనుకుంటారు, కానీ రేషన్ కార్డు లెక్క వేరు ఈ స్కీమ్ లెక్క వేరు. ఆంధ్రలో రైస్ కార్డుకి పల్లెల్లో నెలకి 10,000, పట్టణాల్లో 12,000 వరకు ఉండొచ్చు, అంటే ఏడాదికి 1,20,000, 1,44,000. తెలంగాణలో రేషన్ కార్డు లిమిట్ పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. ఇక్కడేమో 72,000, 96,000. కాబట్టి రేషన్ కార్డు ఉన్న ఇంటికి కూడా ఆదాయం సర్టిఫికెట్‌లో లక్ష అని పడితే అప్లికేషన్ అక్కడితో ఆగిపోతుంది.

ఇంకో సమస్య, భర్త బతికున్నప్పుడు చేయించిన సర్టిఫికెట్ అలాగే బీరువాలో ఉంటుంది, దాన్నే పెట్టేస్తారు. అందులో ఆయన సంపాదన కలిపి ఉంటుంది. అది వద్దు. ఆంధ్రలో సచివాలయంలో, తెలంగాణలో మీసేవలో కొత్తగా అప్లై చేయండి. అప్లై చేసేటప్పుడు సంపాదించే మనిషి పోయారు, ఇప్పుడు ఇంటికి వచ్చేది ఇంతే అని రాసి డెత్ సర్టిఫికెట్ జిరాక్స్ జతచేయండి, ఎంక్వైరీకి వచ్చిన రెవెన్యూ మనిషికి నోటితో కూడా చెప్పండి. ఉన్నది ఉన్నట్టే చెప్పాలి సుమా, తగ్గించి రాయించుకుంటే తర్వాత ఇంటికి వచ్చి చూసినప్పుడు దొరికిపోతుంది, నిజంగా అవసరమున్న కుటుంబం మీద కూడా అప్పుడు అనుమానం వస్తుంది.

సర్టిఫికెట్ చేతికి రాగానే చూడాల్సినవి మూడు: పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా, అంకె లిమిట్ లోపల ఉందా, తేదీ కొత్తదేనా.

స్టెప్ 2. మీ పరిస్థితికి ప్రూఫ్

భర్త చనిపోయుంటే డెత్ సర్టిఫికెట్ తప్పనిసరి. అప్పట్లో రిజిస్టర్ చేయించలేదు అనేవాళ్ళు చాలామంది. చనిపోయి ఏడాది దాటితే నేరుగా పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో ఇవ్వరు, ముందు ఆర్డీఓ ఆఫీసు నుంచి ఆర్డర్ తెచ్చుకోవాలి, దానికి ఆ పేరుతో అక్కడ రిజిస్టర్ కాలేదని పంచాయతీ సెక్రటరీ ఇచ్చే పేపర్ అవసరమవుతుంది. టైమ్ పడుతుంది, అందుకే మిగతా పేపర్ల కంటే ముందు ఇది మొదలుపెట్టండి.

భర్త వదిలేసి వెళ్ళిపోయాడు, విడాకులు కాలేదు, ఇది అన్నిటికంటే కష్టమైన కేసు, ఎందుకంటే ఆధార్‌లోనూ రేషన్ కార్డులోనూ ఆయన పేరే ఉంటుంది, కాగితం మీద మీది మామూలు కుటుంబంలాగే కనిపిస్తుంది. విడాకుల డిక్రీ లేకపోయినా అప్లై చేయొచ్చు, వదిలేసిన తల్లి అనేది అర్హతలో విడిగానే ఉంది. కానీ ఏదో ఒక ఆధారం ఉండాలి. కింద వాటిలో ఎన్ని దొరికితే అన్ని పెట్టండి:

- పోలీస్ స్టేషన్‌లో ఇచ్చిన కంప్లైంట్ రశీదు లేదా ఎఫ్‌ఐఆర్ కాపీ
- మనోవర్తి కేసు లేదా గృహహింస చట్టం 2005 కింద వేసిన కేసు కాపీ
- సఖి సెంటర్‌కి (ఆపదలో ఉన్న మహిళలకి సాయం చేసే ప్రభుత్వ సెంటర్) వెళ్ళి ఉంటే అక్కడి నుంచి లెటర్
- మీరు విడిగా పిల్లలతో ఉంటున్నారని పంచాయతీ సెక్రటరీ లేదా రెవెన్యూ వాళ్ళ దగ్గర రాయించుకున్నది

ఏమీ లేకపోతే 181కి ఫోన్ చేయండి, మహిళల హెల్ప్‌లైన్, దగ్గర్లో ఉన్న సఖి సెంటర్‌కి పంపిస్తారు. అక్కడ మీ విషయం రికార్డు అయితే అదే రేపు ఆధారం అవుతుంది. భర్త చనిపోయాడని అబద్ధం రాసేయమని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు, ఆ పని అస్సలు చేయకండి.

జబ్బు అయితే గవర్నమెంట్ ఆసుపత్రి పేపర్లు బలంగా ఉంటాయి, ప్రైవేటువి అయితే డిశ్చార్జ్ సమ్మరీ, ఆరోగ్యశ్రీ కింద జరిగిన ట్రీట్‌మెంట్ కాగితాలు పెట్టండి. మందుల చీటీలు మాత్రమే పెడితే జబ్బు ఏంటో ఎవరికీ అర్థం కాదు.

హెచ్‌ఐవీ ఉన్న కుటుంబాలు ఇది జాగ్రత్తగా చదవండి. మీ ఏఆర్‌టీ సెంటర్ (హెచ్‌ఐవీ మందులిచ్చే సెంటర్) పేపర్లు ఊళ్ళో ఎవరి చేతా పంపొద్దు, సచివాలయం కౌంటర్‌లో నలుగురి ముందు బయట పెట్టొద్దు. నేరుగా జిల్లా బాలల సంరక్షణ విభాగం ఆఫీసుకి (ఎక్కడో స్టెప్ 6లో చెప్తాను) వెళ్ళి మూసిన కవర్‌లో ఇవ్వండి. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా ఆ విషయం బయటపెట్టకూడదు, జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 ప్రకారం ఇలాంటి పిల్లల వివరాలు మీడియాలో ఎక్కడా ప్రచురించకూడదు. ఇంటి విచారణకి వచ్చేటప్పుడు కూడా పక్కింటివాళ్ళకి తెలియకుండా రండి అని ముందే అడగండి, అడగడం మీ హక్కు. ఊళ్ళో తెలిసిపోయి పిల్లల్ని బడిలో దూరం పెడితే ఈ నాలుగు వేలు ఆ నష్టాన్ని తీర్చలేవు.

స్టెప్ 3. పిల్లల ఆధార్, స్కూల్ పేపర్లు

ఆధార్‌లో ఒక స్పెల్లింగ్, బర్త్ సర్టిఫికెట్‌లో ఒకటి, స్కూల్లో ఇంకోటి ఉండటం మనకి మామూలే. పుట్టిన తేదీ తేడా ఉంటే మాత్రం కచ్చితంగా సరిచేయించుకోవాలి. ఇంటిపేరు ముందా వెనకా అనే చిన్న తేడాలకి ఆగిపోకండి, కానీ బ్యాంకు ఖాతా పేరు, ఆధార్ పేరు ఒకేలా ఉండేట్టు చూసుకోండి, డబ్బు ఆ రెండింటిమీదే నడుస్తుంది.

పిల్లలకి 5 ఏళ్ళు నిండాక ఒకసారి, 15 నిండాక ఒకసారి వేలిముద్రలు, కళ్ళు అప్‌డేట్ చేయించాలి. చేయించకపోతే ఆధార్ పనిచేయకుండా పోయే అవకాశం ఉంది. మీ పాపకి 7 ఏళ్ళు ఉండి ఇంకా నీలం రంగు బాల ఆధార్ కార్డే ఉందంటే ముందు ఆ పని చూడండి.

స్టడీ సర్టిఫికెట్ ఈ విద్యాసంవత్సరానిదే కావాలి. బడి మానేసిన పిల్లలైతే ముందు బడిలో చేర్పించి ఆ సర్టిఫికెట్ పెట్టండి. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం 6 నుంచి 14 ఏళ్ళ వరకు వయసుకి తగిన తరగతిలో చేర్చుకోవాలి, టీసీ లేదని ప్రభుత్వ బడిలో చేర్చుకోకపోవడం కుదరదు. 6 ఏళ్ళ లోపు పిల్లలకి అంగన్‌వాడీలో పేరు ఉన్నట్టు టీచర్ దగ్గర రాయించుకోండి.

స్టెప్ 4. బ్యాంకు ఖాతా

ఖాతా పిల్లల పేరు మీద, తల్లి లేదా గార్డియన్‌తో కలిపి ఉండాలి. బ్యాంకు అయినా పోస్టాఫీసు అయినా సరే. తల్లి సొంత ఖాతా నంబర్ రాసేసి ఇచ్చేవాళ్ళు ఎక్కువ, ఫైల్ వెనక్కి రావడానికి అదొక కారణం.

తాతయ్య అమ్మమ్మల దగ్గర ఉండే పిల్లలకి బ్యాంకుల్లో చిక్కు వస్తుంది, మీరు గార్డియన్ అని కోర్టు పేపర్ తెమ్మంటారు. వెంటనే వకీలు దగ్గరికి పరిగెత్తి డబ్బు ఖర్చు పెట్టకండి. రెండు దారులు ఉన్నాయి. పిల్లలకి 10 ఏళ్ళు దాటితే సొంతంగా ఖాతా తెరిచి నడుపుకోవడానికి రిజర్వ్ బ్యాంక్ అనుమతి ఇచ్చింది, పోస్టాఫీసులో కూడా 10 దాటినవాళ్ళు తెరవొచ్చు. 10 లోపు అయితే బాలల సంక్షేమ సమితి, అందరూ సీడబ్ల్యూసీ అంటారు, ప్రతి జిల్లాలో ఉంటుంది, వాళ్ళ ముందుకి పిల్లల్ని తీసుకెళ్ళి మీ దగ్గర ఉంటున్నారని ఆర్డర్ అడగండి. ఆ కాగితం బ్యాంకులో చూపించండి. ఒక బ్రాంచ్ ఒప్పుకోకపోతే ఇంకో బ్రాంచ్‌లోనో పోస్టాఫీసులోనో అడగండి.

ఖాతా తెరిచాక చూడాల్సినవి:

- ఆధార్ లింక్ అయితే చాలదు, ఎన్‌పీసీఐలో సీడింగ్ అవ్వాలి, అంటే మీ ఆధార్ మీద వచ్చే ప్రభుత్వ డబ్బు (డీబీటీ) ఈ ఖాతాలోకే రావాలని నమోదు అవ్వాలి. బ్యాంకులో అడిగేటప్పుడు డీబీటీకి సీడింగ్ చేయండి అని ఆ మాటే అనండి. మైఆధార్ సైట్‌లో పిల్లల ఆధార్‌తో లాగిన్ అయితే బ్యాంక్ సీడింగ్ స్టేటస్ కనిపిస్తుంది, అక్కడ యాక్టివ్ అని ఉండాలి, మీరిచ్చిన బ్యాంకు పేరే ఉండాలి.
- పిల్లల పేరు మీద రెండు ఖాతాలుంటే చివరగా సీడింగ్ అయిన దాంట్లోకే డబ్బు పోతుంది. స్కాలర్‌షిప్ కోసం స్కూల్లో తెరిపించిన ఖాతా ఒకటి ఉండి మర్చిపోయి ఉంటారు, డబ్బు రాలేదని ఊరంతా తిరుగుతారు, తీరా చూస్తే అందులో పడి ఉంటుంది.
- సరైన పేపర్లు లేకుండా తెరిచిన చిన్న ఖాతా అయితే అందులో నిల్వ 50,000 దాటకూడదు. చాలా నెలల డబ్బు ఒకేసారి వస్తే ఇబ్బంది. మామూలు ఖాతాగా మార్చమని కేవైసీ ఇవ్వండి.
- రెండేళ్ళు ఏ లావాదేవీ లేకపోతే ఖాతా పనిచేయనిదిగా మారుతుంది. అప్పుడప్పుడూ వంద రూపాయలైనా వేసి తీస్తుండండి.

స్టెప్ 5. ఫారం, దాంతోపాటు ఒక పేజీ ఉత్తరం

ఫారం ఉచితం. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో (డీసీపీయూ అంటారు), ఐసీడీఎస్ సీడీపీఓ ఆఫీసులో (అంగన్‌వాడీలని చూసుకునే ఆఫీసు) అడగండి. జిరాక్స్ సెంటర్లలో అమ్మేవి, వాట్సాప్‌లో వచ్చేవి వేరే రాష్ట్రం ఫారాలు అయ్యుండొచ్చు, మన జిల్లా ఆఫీసు ఇచ్చిందే నింపండి. లింక్ నొక్కి ఓటీపీ చెప్పండి అన్నారంటే మోసం.

ఫారంలో గళ్ళు నింపితే సరిపోతుంది అనుకోకుండా తెల్ల కాగితం మీద ఒక పేజీ రాసి జతచేయండి. చదువు రానివాళ్ళు ఎవరితోనైనా రాయించి సంతకమో వేలిముద్రో పెట్టండి. ఇలా ఉంటే చాలు:

"జిల్లా బాలల సంరక్షణ అధికారి గారికి. నా భర్త ఫలానా తేదీన చనిపోయారు. నాకు ఇద్దరు పిల్లలు, పెద్దబాబు 8వ తరగతి, పాప 5వ తరగతి. నేను కూలికి వెళ్తాను, నెలలో పని దొరికే రోజులు తక్కువ, వచ్చేది ఇంత. ఇంటి అద్దె ఇంత. బాబు సెలవుల్లో పనికి వెళ్తున్నాడు, బడి మానేస్తానంటున్నాడు. పిల్లల్ని నా దగ్గరే ఉంచుకుని చదివించుకోవాలని ఉంది. మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ ఇప్పించమని కోరుతున్నాను."

చూశారుగా, మేం చాలా పేదవాళ్ళం దయచేసి ఆదుకోండి అని పేజీ నింపడం కంటే ఈ నాలుగు నిజాలు ఎక్కువ పనిచేస్తాయి. బాబు పనికి వెళ్తున్నాడు అని రాస్తే మా మీద కేసు పెడతారేమో అని భయపడతారు కొంతమంది. దాచిపెడితే ఆ పిల్లాడికి అవసరం ఉందన్న సంగతే ఫైల్‌లో ఉండదు. ఇది శిక్ష వేయడానికి పెట్టిన స్కీమ్ కాదు.

స్టెప్ 6. ఇవ్వడం, రశీదు తీసుకోవడం

ఎక్కడ ఇవ్వాలి: జిల్లా కేంద్రంలో డీసీపీయూలో నేరుగా ఇవ్వడం మంచిది. తెలంగాణలో చాలా జిల్లాల్లో బాలరక్షా భవన్ అని ఉంటుంది, అక్కడ అడగండి, లేదా జిల్లా సంక్షేమ అధికారి ఆఫీసు. ఆంధ్రలో జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖ ఆఫీసు. అంత దూరం వెళ్ళలేకపోతే అంగన్‌వాడీ టీచర్ లేదా సూపర్‌వైజర్ ద్వారా సీడీపీఓ ఆఫీసులో ఇవ్వొచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియకపోతే 1098కి ఫోన్ చేయండి, చైల్డ్ హెల్ప్‌లైన్, ఫ్రీ, మీ జిల్లా ఆఫీసు వివరాలు చెప్తారు.

రశీదు లేకుండా బయటికి రావద్దు. రశీదు పుస్తకం లేదంటే మీ జిరాక్స్ సెట్ మొదటి పేజీ మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. అదీ కుదరదంటే స్పీడ్ పోస్ట్‌లో పంపి ఆ చీటీ దాచుకోండి. అంగన్‌వాడీ టీచర్‌కి ఇచ్చినా సరే, ఫలానా తేదీన సీడీపీఓ ఆఫీసులో ఇచ్చాను అని ఆమె చేత రాయించుకోండి. తర్వాత జరిగే ప్రతి పనికి ఆ తేదీయే ఆధారం.

మధ్యలో ఎవరైనా మొదటి నెల డబ్బు మాకివ్వండి, శాంక్షన్ చేయిస్తాం అంటే ఇవ్వకండి. ఏ దశలోనూ ఫీజు లేదు.

స్టెప్ 7. ఇంటి విచారణ

డీసీపీయూ నుంచి సోషల్ వర్కర్ లేదా ఔట్‌రీచ్ వర్కర్ ఇంటికి వస్తారు, సామాజిక విచారణ రిపోర్టు రాస్తారు. పిల్లలు ఉన్నప్పుడే రమ్మని అడగండి, పిల్లలతో కూడా మాట్లాడాలి. ఇంట్లో టీవీ ఉంది, ఫోన్ ఉంది, డబ్బు రాదేమో అని వస్తువులు పక్కింట్లో పెట్టడాలు వద్దు, వాళ్ళకి ఊళ్ళ సంగతి తెలుసు. అద్దె, అప్పులు, మందుల ఖర్చు, బడి ఖర్చు ఒక చీటీ మీద రాసి ఉంచుకోండి, అడిగినప్పుడు తడుముకోకుండా చెప్పొచ్చు.

ఫారంలో రాసిన అడ్రస్‌లో మీరు లేకపోతే, అంటే పని కోసం వేరే ఊరు వెళ్ళి ఉంటే, కచ్చితంగా ఫోన్ చేసి చెప్పండి. ఇంటికి తాళం ఉంది అని రిపోర్టులో రాస్తే ఫైల్ పక్కకి పోతుంది. వలస వెళ్ళే కుటుంబాలు ఇలా చాలా నష్టపోతున్నాయి, వాళ్ళకే ఎక్కువ అవసరం.

స్టెప్ 8. కమిటీ, మంజూరు

రిపోర్టు, మీ ఫైల్ జిల్లా స్థాయిలో స్పాన్సర్‌షిప్ అండ్ ఫోస్టర్ కేర్ అప్రూవల్ కమిటీ ముందుకి వెళ్తాయి. అక్కడ ఓకే అయితే మంజూరు. ఇక్కడ ఒకటి నిజాయితీగా చెప్పాలి, అర్హత ఉన్న ప్రతి ఒక్కరికీ వెంటనే వస్తుందని అనుకోవద్దు, బడ్జెట్‌ని బట్టి ఎంతమందికి ఇవ్వాలో ఉంటుంది, ఎక్కువ ఆపదలో ఉన్న పిల్లలకి ముందు ఇస్తారు. ఇది నాకు బాధగానే ఉంటుంది, ఇంత చిన్న మొత్తం కోసం కూడా పిల్లలు వరసలో నిలబడటం సరికాదు. కానీ వరసలో పేరు లేకపోతే అసలు రాదు కదా, అందుకే అప్లై చేయడం ఆపొద్దు.

హోమ్‌లో ఉన్న పిల్లల్ని ఇంటికి తెచ్చుకోవాలంటే

ఇది చాలామందికి తెలియదు. గడవక పిల్లల్ని బాలసదనంలోనో చిల్డ్రన్ హోమ్‌లోనో పెట్టిన తల్లులు ఉన్నారు, ఈ సాయం ఉంటే ఇంటికి తెచ్చుకుంటాం అనేవాళ్ళకి కూడా స్పాన్సర్‌షిప్ ఉంది. సీడబ్ల్యూసీకి ఒక ఉత్తరం ఇవ్వండి, పిల్లల్ని ఇంటికి పంపమని, దాంతోపాటు స్పాన్సర్‌షిప్‌కి సిఫార్సు చేయమని, రెండూ ఒకే ఉత్తరంలో. వాళ్ళు ఇంటి విచారణ చేయించి ఆర్డర్ ఇస్తారు.

అలాగే, సాకలేకపోతున్నాం ఎవరో పిల్లలు లేనివాళ్ళు అడుగుతున్నారు బాండ్ పేపర్ మీద రాసి ఇచ్చేద్దాం అనుకునేవాళ్ళు దయచేసి ఆగండి. స్టాంపు పేపర్ మీద దత్తత చెల్లదు, డబ్బు చేతులు మారితే జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 81 కింద 5 ఏళ్ళ వరకు జైలు, లక్ష జరిమానా, ఇచ్చినవాళ్ళకీ తీసుకున్నవాళ్ళకీ ఇద్దరికీ. ముందు 1098కి ఫోన్ చేయండి. నిజంగా పెంచలేని పరిస్థితి అయినా సీడబ్ల్యూసీ ముందు అప్పగిస్తే మనసు మార్చుకోవడానికి 60 రోజులు టైమ్ ఉంటుంది, బాండ్ పేపర్‌తో అది ఉండదు.

డబ్బు పడిందో లేదో ఎలా చూడాలి

ప్రతి నెలా ఒకటో తారీఖున పెన్షన్‌లా పడుతుందనుకోకండి, కొన్ని నెలలది కలిపి ఒకేసారి రావొచ్చు. పిల్లల ఖాతాకి మొబైల్ నంబర్ లేకపోతే మెసేజ్ రాదు, కాబట్టి పాస్‌బుక్ ప్రింట్ వేయించి చూడటమే మేలు. వచ్చిన మొత్తాన్ని 4000తో భాగించి ఎన్ని నెలలదో లెక్క వేసుకుని పాస్‌బుక్ పక్కన పెన్సిల్‌తో రాసుకోండి, మధ్యలో నెలలు తప్పిపోతే తెలుస్తుంది.

శాంక్షన్ అయింది కానీ డబ్బు లేదు అంటే ఈ వరసలో చూడండి: సీడింగ్ యాక్టివ్‌గా ఉందా, వేరే ఖాతాలో పడిందా, ఖాతా ఆగిపోయిందా. మూడూ బాగుంటే డీసీపీయూకి వెళ్ళి పేమెంట్ పంపారా, పంపితే ఫెయిల్ అయిందా, కారణం ఏం చూపిస్తోంది అని అడగండి.

ఏ జవాబూ రాకపోతే

మొదట డీసీపీయూలో ప్రొటెక్షన్ ఆఫీసర్‌ని అడగండి, ఇద్దరుంటారు, మీ పని చూసేది నాన్ ఇన్‌స్టిట్యూషనల్ కేర్ ఆఫీసర్. నా ఫైల్ ఎక్కడుంది అని కాకుండా విచారణ రిపోర్టు అయిందా, కమిటీ ముందు పెట్టారా, ఏ తేదీన అని అడగండి. అలా అడిగితే జవాబు కూడా అలాగే వస్తుంది.

అక్కడ తేలకపోతే సోమవారం కలెక్టరేట్‌కి వెళ్ళండి, తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. రశీదు జిరాక్స్ జతచేసి అర్జీ ఇవ్వండి, నంబర్ తీసుకోండి. ఆ తర్వాత సమాచార హక్కు దరఖాస్తు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్ళకి ఫీజు లేదు. అందులో నాలుగు అడిగితే చాలు: నా అప్లికేషన్ ఇప్పుడు ఏ దశలో ఉంది, విచారణ ఏ తేదీన జరిగింది, కమిటీ ఏ తేదీన చూసింది, తిరస్కరిస్తే కారణం కాపీ ఇవ్వండి.

తిరస్కరించారంటే కారణం తెలుసుకుని అది సరిచేసి మళ్ళీ అప్లై చేయండి. ఆదాయం ఎక్కువ అన్నారా, స్టెప్ 1కి వెళ్ళండి. ఖాతా అన్నారా, స్టెప్ 4. పాత ఫైల్‌నే పట్టుకుని తిరగడం కంటే కొత్తది ఇవ్వడమే త్వరగా అవుతుంది.

మొదలయ్యాక ఆగిపోకుండా

బడికి సరిగ్గా వెళ్ళని పిల్లలకి ఆపేసే అధికారం వాళ్ళకి ఉంది. జబ్బు చేసి ఎక్కువ రోజులు మానితే ఆసుపత్రి కాగితం స్కూల్లో ఇచ్చి ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి. ప్రతి జూన్‌లో కొత్త స్టడీ సర్టిఫికెట్ తీసుకుని అడగకముందే డీసీపీయూలో ఇచ్చేయండి.

గురుకులంలోనో హాస్టల్‌లోనో సీటు వస్తే చేర్చేముందు ఆఫీసులో చెప్పండి, ఇంటి దగ్గర ఉండే పిల్లల కోసం ఇచ్చే డబ్బు కాబట్టి రివ్యూ చేస్తారు. గురుకులం చదువు మంచిదైతే నాలుగు వేల కోసం దాన్ని వదులుకోవద్దు, కానీ చెప్పకుండా రెండూ నడిపితే తర్వాత ఇబ్బంది.

ఇల్లు మారినా, ఫోన్ నంబర్ మారినా, తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకున్నా తెలియజేయండి. వేరే జిల్లాకి మారితే ఫైల్ అక్కడికి పంపమని ఉత్తరం ఇచ్చి, కొత్త జిల్లా డీసీపీయూలో ఆ ఉత్తరం కాపీ చూపించండి. పిల్లలకి 18 నిండేలోపు ఖాతాని మేజర్ ఖాతాగా మార్చుకోవడానికి కొత్త ఫొటో, సంతకం, కేవైసీ సిద్ధం చేసుకోండి, లేకపోతే చివరి నెలల డబ్బు లోపలే చిక్కుకుంటుంది.